మా చిన్న సైటు జోలికి ఎవరొస్తారు? స్పామ్‌పై అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేసి, వాటి బాగోగులు చూసుకోవడం నా పని. స్పామ్, అంటే సైటులోని ఫారమ్ ద్వారా వచ్చిపడే అక్కర్లేని ప్రకటనలు, సందేశాల గురించి తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: మాది అమీర్‌పేటలో చిన్న కోచింగ్ సెంటర్. మా మీద ఎవరి కన్ను పడుతుంది?

వాస్తవం: ఎవరి కన్నూ పడనక్కర్లేదు. బాట్ అనే ప్రోగ్రామ్ రాత్రింబవళ్లు సైట్లను గాలిస్తూ, ఫారమ్ కనబడిన చోటల్లా నింపి పోతుంది. దానికి పెద్ద సంస్థ, చిన్న కొట్టు ఒకటే.

అపోహ: క్యాప్చా (ఫారమ్ నింపేది మనిషేనా అని తేల్చే చిన్న పరీక్ష) పెడితే పీడ విరగడైనట్టే.

వాస్తవం: కొంత తగ్గుతుంది, అంతే. క్యాప్చాల్లో చదవమని ఇచ్చే అత్యంత కష్టమైన వంకర అక్షరాలను సైతం తన ప్రోగ్రామ్ 99.8 శాతం సరిగ్గా చదివిందని 2014లో గూగులే ప్రకటించింది. డబ్బులిస్తే మనుషుల చేతే క్యాప్చాలు నింపించే సేవలూ ఉన్నాయి. చివరికి ఇబ్బంది పడేది అసలైన కొనుగోలుదారులే. బేగంబజార్‌లోని ఒక ఇత్తడి సామాన్ల దుకాణం సైటులో ఒక పెద్దావిడ బిందెల ధర అడగబోయారు. ఫైర్ హైడ్రంట్ ఉన్న బొమ్మలన్నీ నొక్కమంది ఫోను. అమెరికా వీధుల్లో కనిపించే ఆ పొట్టి నీటి గొట్టాన్ని ఆవిడ ఎన్నడూ చూసి ఉండరు. మూడుసార్లు తప్పాక ఫోను పక్కన పెట్టేశారు. ఇక చూపులేనివారి సంగతి చెప్పనక్కర్లేదు. బాట్‌ను పట్టుకునే భారం మన సర్వరు (సైటును నడిపే కంప్యూటర్) మోయాలి గాని, ఆవిడ మీద వేయడం అన్యాయం.

అందుకే నేను ముందు ఎర గడి పెడతాను. ఫారమ్‌లో ఒక గడి అదనంగా ఉంటుంది, కానీ తెరపై కనబడదు. మనుషులు దాన్ని ఖాళీగా వదిలేస్తారు, చాలా బాట్లు నింపేస్తాయి. నిండిన ఫారమ్‌ను సర్వరు పక్కన పడేస్తుంది. చూపులేనివారికి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు, బ్రౌజర్ తనంతట తాను నింపే సౌకర్యానికి ఆ గడి తగలకుండా చూడాలి. లేకపోతే మంచివాళ్లే చిక్కుకుంటారు. పేజీ తెరిచిన రెండు సెకన్లకే నిండిపోయిన ఫారమ్‌నూ నేను నమ్మను.

ఈ తనిఖీలు బ్రౌజర్‌లోనే పెట్టి ఊరుకుంటే లాభం లేదు. పేజీ తెరవకుండా నేరుగా సర్వరుకే పంపే బాట్లు ఉన్నాయి.

అపోహ: చెడ్డ మాటల జాబితా పెట్టి, స్పామ్ వచ్చిన ఐపీ చిరునామాను (నెట్‌లో ఫోనుకో కంప్యూటర్‌కో ఉండే నంబరు) అడ్డుకుంటే చాలు.

వాస్తవం: ఒక కోచింగ్ సెంటర్ సైటులో ‘లోన్’ అన్న మాటను నేనే నిషేధించాను. ఫీజుకు విద్యా లోన్ దొరుకుతుందా అని అడిగిన తండ్రుల సందేశాలు చాలా రోజులు చెత్తబుట్టలో పడ్డాయి. ఆ తప్పు నాకింకా బాధగానే ఉంది. ఇక ఐపీ అంటారా, మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే చిరునామాను ఎందరో పంచుకుంటారు. ఒకరిని ఆపబోతే వారందరూ ఆగిపోతారు.

అపోహ: స్పామ్ వస్తే తుడిచేసుకుంటే సరి, నష్టమేముంది?

వాస్తవం: ఫారమ్ నింపినవారికి మీ సైటు ‘ధన్యవాదాలు’ అంటూ వెంటనే ఈమెయిల్ పంపుతుందా? అందులో వారు రాసిన సందేశాన్నీ తిప్పి పంపుతుందా? అయితే బాట్ ఎవరో మూడో మనిషి ఈమెయిల్ ఇచ్చి, తన ప్రకటనను మీ పేరు మీద చేరవేయిస్తుంది. అలా మీ చిరునామాపై ఈమెయిల్ సేవలకు నమ్మకం పోతే, కొన్నాళ్లకు మీరు పంపే అసలు బిల్లులు కూడా స్పామ్ ఫోల్డరులో పడవచ్చు. ఆ ధన్యవాదాల ఈమెయిల్‌లోంచి వారు రాసిన సందేశాన్ని, పేరును ఈరోజే తీసేయించండి.