ఎండల సీమలో దొడ్డికాళ్లు

అనంతపురంలో వానకు కరువు గానీ ఎండకు కరువేంటి? అయినా దొడ్డికాళ్ల పిల్లలు కనబడతారు. అందరిదీ జబ్బు కాదు. పుట్టిన బిడ్డ కాళ్లు వంపుగానే ఉంటాయి, రెండేళ్లలోపు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. ఆ తర్వాత కూడా వంపు పెరుగుతున్నా, మణికట్లు ఉబ్బినా రిక్కెట్స్, అంటే ఎముకలకు కాల్షియం చాలక మెత్తబడి వంగే జబ్బు, ఏమోనని డాక్టరుకు చూపించాలి.

ఎండ తగలకపోవడమే రిక్కెట్స్‌కు కారణమని 1890లో థియోబాల్డ్ పామ్ అనే బ్రిటిష్ డాక్టర్ రాశాడు. పొగ కమ్మిన ఇంగ్లాండు ఊళ్లకూ ఎండ కాసే తూర్పు దేశాలకూ తేడా చూసి చెప్పిన మాట అది. 1919లో మెలన్‌బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కుక్కపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో ఈ జబ్బుకు కాడ్ చేప నూనె పనిచేసింది. అదే ఏడాది బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టర్ అతినీలలోహిత దీపంతో పిల్లలకు నయం చేశాడు. 1922లో మెకాలమ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ నూనెలోని పదార్థానికి విటమిన్ డి అని పేరు పెట్టాడు.

పామ్ మాట సగమే నిజం. ఎండ కాసినంత మాత్రాన అది బిడ్డకు తగలదు, తగిలినా తిండిలో కాల్షియం లేకపోతే చాలదు. మన ఇళ్లలో బాలింతనూ బిడ్డనూ నెలల తరబడి గదిలోనే ఉంచుతాం. చెవులకు గుడ్డ చుట్టి, ఏడింటి లేత ఎండ చూపిస్తాం. విటమిన్ డి పుట్టించే కిరణాలు ఆ వేళ అంతంతమాత్రం. తల్లిపాలలోనూ అది తక్కువే. ఏడాది వరకు రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమని డాక్టర్లు చెప్పేది అందుకే. అవ్వ కాళ్ల మీద పడుకోబెట్టి నూనె పట్టి ఎంత సాగదీసినా ఎముకలోకి కాల్షియం రాదు!

ఆ కాల్షియం సంగతే సీమలో అసలు కథ. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది అటూఇటూ. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక సంగటిలో రాగిపిండి తగ్గి, బియ్యం పెరిగింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టలేం గానీ, పళ్లెం మారిన మాట నిజం. ఎండ బాగా ఉన్న నైజీరియాలో కూడా కాల్షియం చాలక రిక్కెట్స్ వస్తున్నట్టు 1999లో తేలింది.

దానికి తోడు బోరు నీళ్లు. నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను పాడుచేస్తుందని మన దేశంలో మొదట 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించారు. కాల్షియం చాలని పిల్లల్లో దాని దెబ్బ ఇంకా ఎక్కువ. అనంతపురం జిల్లాలో 1990లలో సత్యసాయి నీటి పథకం వచ్చేదాకా వందల పల్లెలకు ఆ నీళ్లే దిక్కు.

2023 మార్చిలో బడి పిల్లలకు రాగిజావ మొదలైంది. కాళ్లు వంగేది మాత్రం బడికి పోకముందే.