నోరులేని రోగులకు వైద్యం

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

పశువైద్యుడికి ఎదురయ్యే మొదటి కష్టం, రోగి తన బాధను నోటితో చెప్పలేకపోవడం. పైగా చాలా జంతువులు శత్రువుల కంట పడకుండా నలతను వీలైనంత వరకు దాచుకుంటాయి. అందుకే ఈ వైద్యంలో వచ్చిన కొత్త సాధనాలలో, ఆ దాగిన బాధను ముందుగా బయటపెట్టేవే నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోస్తాయి.

ఆవు చూడి కట్టిందో లేదో తెలుసుకోవడానికి వైద్యుడు పొడవాటి తొడుగు వేసుకుని, మలద్వారం గుండా చేయి పోనిచ్చి గర్భసంచిని తడిమి చూస్తాడు. చేయి తిరిగినవారికైనా ఐదారు వారాలు దాటితే గాని ఆ పద్ధతిలో నిశ్చయంగా తెలియదు. అల్ట్రాసౌండ్ యంత్రం మన చెవికి అందని శబ్ద తరంగాలను లోపలికి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులను బొమ్మగా మారుస్తుంది కనుక, నాలుగు వారాలకే తెరపై నల్లగా కనిపించే ద్రవం నడుమ చిన్న పిండమూ, అందులో మిణుకుమిణుకుమంటూ కొట్టుకునే గుండే కనిపిస్తాయి.

ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు సుమారు 8 గంటలు నెమరు వేస్తుంది. మెడపట్టీలోని సెన్సార్ ఆ సమయాన్ని లెక్కగడుతుంది. నెమరు తగ్గిందంటే, జబ్బు లక్షణాలు మన కంటికి కనిపించకముందే హెచ్చరిక అందుతుంది. అయితే ఈనే ముందు, ఎదకు వచ్చినప్పుడు కూడా నెమరు తగ్గుతుంది. మార్పు వచ్చిందని మాత్రమే పట్టీ చెప్పగలదు. కారణం తేల్చడానికి వైద్యుడు ఎడమ డొక్కపై స్టెతస్కోపు ఆనించి, నిమిషానికి ఒకటి రెండుసార్లు వినిపించవలసిన కడుపు కదలికలను ఓపికగా వినవలసిందే. ఆ ఓపికకు బదులు రాగల యంత్రం ఉందని నేను అనుకోను.

రోగాన్ని పట్టించే సాధనాలతో పాటు, రోగాన్ని రానివ్వని టీకాలను కూడా మీరు తెలుసుకోవాలి. పశువుల మందలకు మందలనే తుడిచిపెట్టిన అంటువ్యాధి రిండర్‌పెస్ట్‌కు 1960ల నాటికి పశువైద్య శాస్త్రవేత్త వాల్టర్ ప్లౌరైట్ బృందం మంచి టీకా తయారుచేసింది గాని, దానిని చల్లగా ఉంచకపోతే పాడైపోయేది. తరువాత వేడిని తట్టుకునే రూపం రావడంతో, ఐసు దొరకని మారుమూల ప్రాంతాల పశువులకు సైతం టీకా అందింది. 2011లో ఆ వ్యాధి ప్రపంచమంతటా అంతరించిందని ప్రకటించారు. మశూచి తరువాత మనుషులు పూర్తిగా నిర్మూలించగలిగిన రెండో వ్యాధి అదే.

మీ తాతయ్య