రాస్ భవనం చూడబోతున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది హైదరాబాద్‌లోని ఈ భవనంలోనే. మొదట దారి సంగతి. ఆటో ఎక్కి ‘రొనాల్డ్ రాస్’ అంటే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దగ్గర దిగే ప్రమాదం ఉంది. పాతవాళ్లు కోరంటి దవాఖాన అనే ఆ ఆసుపత్రికీ సర్ రొనాల్డ్ రాస్ పేరే పెట్టారు. అక్కడ ఉండేది జ్వరాలతో వచ్చిన రోగులు, మ్యూజియం కాదు. మీరు వెళ్లాల్సింది బేగంపేట పాత విమానాశ్రయం దగ్గరున్న భవనానికి. అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. ఆ రోజు తెరుస్తారో లేదో ముందే కనుక్కోండి.

‘మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇక్కడే.’ కాదు. దాన్ని 1880లోనే అల్జీరియాలో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో చూశాడు. ‘మందు కనిపెట్టింది ఇక్కడే.’ అదీ కాదు. క్వినైన్ రాస్ పుట్టకముందు నుంచే ఉంది.

ఇక అసలు నష్టం చేసేది: ‘మలేరియా మురిక్కాలవ దోమతో వస్తుంది. మా వీధి శుభ్రంగా ఉంది, మాకేం భయం లేదు.’

రాస్ కూడా దోమ దగ్గరే తప్పటడుగు వేశాడు. 1895 నుంచి రెండేళ్లపాటు ఆయన కోసి చూసినవి ఎక్కువగా బూడిదరంగు దోమలు, చారల దోమలు. మనం ఇప్పుడు క్యూలెక్స్, ఏడిస్ అనేవి. ఎన్ని కోసినా ఏమీ దొరకలేదు. రెక్కల మీద మచ్చలున్న అనాఫిలిస్ చేతికొచ్చాకే కథ మారింది. 1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలతో కుట్టించాడు, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి. నాలుగో రోజు, 20న, కోసిన దోమ పొట్టగోడలో సుమారు 12 మైక్రాన్ల గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. కీలకం ఆ నలుపే. క్రిమి మన హిమోగ్లోబిన్ తిన్నాక మిగిలే మడ్డి అది, దోమ సొంత కణాల్లో ఉండదు. మర్నాడు ఇంకో దోమను కోస్తే ఆ కణాలు మరింత పెద్దవిగా కనిపించాయి. అంటే పెరుగుతున్నాయన్నమాట. (ఆ ఉక్కలో పంకా కూడా లాగించలేదు, గాలికి దోమలు కొట్టుకుపోతాయని. మైక్రోస్కోపు మరలు చెమటకు తుప్పుపట్టాయి.)

ఇప్పుడు మీ మేడ మీదికి వెళ్లండి. పట్నంలో మలేరియా మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై పెరిగేది మంచినీళ్లలో: మూత సరిగా పడని ట్యాంకు, సంపు, బావి, కొత్త కట్టడాల దగ్గర క్యూరింగ్ నీళ్లు. ట్యాంకులో టార్చి వేసి చూడండి. లార్వా నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని ఉంటే అనాఫిలిస్. తల కిందికి వేలాడుతుంటే క్యూలెక్సో ఏడిసో. గోడ మీద వాలిన దోమ తోక పైకెత్తి ఏటవాలుగా ఉంటే అదీ అనాఫిలిసే.

మన ఎండలకు గుడ్డు దోమయ్యేందుకు ఏడు నుంచి పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల తొట్లన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, పెట్టింది అందుకే, ఒక్క వారం తప్పినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ట్యాంకుకు మూత పెట్టి ఓవర్‌ఫ్లో పైపు మూతి వదిలేస్తారు, దోమ అక్కణ్నుంచే దూరుతుంది. ఆ మూతికి సన్నటి జాలీ కట్టండి. తొట్లను ఊరికే వంపితే చాలదు, గోడలు తోమాలి, డెంగీ మోసే ఏడిస్ గుడ్లు ఎండినా చావవు. ఖాళీ చేయలేని బావిలో లార్వాలను తినే గంబూసియా చేపలు వదలండి. ఫాగింగ్ పొగకు చచ్చేది ఎగిరే దోమలే, లార్వాలు కావు.

‘నిన్న దోమ కుట్టింది, ఇవాళ జ్వరం, మలేరియానే.’ భయపడకండి. నిన్నటి కాటుకు ఇవాళ మలేరియా రాదు, సాధారణంగా వారం పైనే పడుతుంది. అయినా జ్వరం ఉంటే రక్తపూత (గాజు పలక మీద రక్తపు చుక్క పూసి చేసే పరీక్ష) తీయించండి, అదీ మాత్ర వేసుకోకముందే. ఇంట్లో మిగిలిన సగం కోర్సు మింగి వస్తే పూతలో క్రిమి దొరకకపోవచ్చు. ఒకసారి నెగెటివ్ వచ్చినా జ్వరం వదలకపోతే మళ్లీ తీయించాలి.

చివరగా, ‘దోమకాటుతో మనిషికి వస్తుందని ఇక్కడే రుజువైంది’ అనే మాట. బేగంపేటలో తేలింది క్రిమి దోమలో పెరుగుతుందని మాత్రమే. ఆ తర్వాత రాస్‌కు రాజపుతానాకు (ఇప్పటి రాజస్థాన్) బదిలీ అయింది. లాలాజల గ్రంథుల దాకా క్రిమి ప్రయాణాన్ని 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద తేల్చాడు. మనుషుల విషయం అదే ఏడాది ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది.