టార్గెట్ పెట్టారా? అయితే అది కార్పొరేట్ ఫండ్‌రైజింగ్ కాదు: ఇంటర్న్‌ల అపోహలు - వాస్తవాలు

పోయిన వారం రాత్రి తొమ్మిదిన్నరకి ఒకమ్మాయి ఫోన్ చేసింది. బీబీఏ రెండో సంవత్సరం. మా దగ్గర ఇంటర్న్‌గా చేసి వెళ్లిన అబ్బాయికి జూనియరట, ఇప్పుడు వేరే స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్. గొంతు వణుకుతోంది. "మేడమ్, శనివారంలోపు ఇంకా పదకొండు వేలు తేవాలి. లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వరట. కార్పొరేట్ ఫండ్‌రైజింగ్ అంటే ఇలాగే ఉంటుందా?"

అప్పటికే వాళ్ల బాబాయ్ చేత రెండు వేలు వేయించింది. రూమ్మేట్లు తలా రెండొందలు ఇచ్చారు. నాలుగు వేలు తన మెస్ డబ్బులు. రోజూ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఎవరు ఎంత తెచ్చారో ఒక లిస్టు పెడతారట. స్క్రీన్‌షాట్ పంపింది. పైన ముగ్గురి పేర్ల పక్కన కిరీటం బొమ్మలు. ఈ పిల్ల పేరు కింది నుంచి రెండోది.

కంపెనీలు సమాజం కోసం పెట్టే సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సోషల్ రెస్పాన్సిబిలిటీ) నిధులని స్వచ్ఛంద సంస్థకి తెచ్చే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఎండాకాలం సెలవులు రాగానే ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గిపోయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ఇంటర్న్ పని డబ్బు తేవడం. ఎంత తెస్తే అంత గొప్ప.

వాస్తవం: కంపెనీ డబ్బు ఇంటర్న్ తెస్తే వచ్చేది కాదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని పరిధిలోకి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సీఎస్‌ఆర్ కింద ఖర్చు పెట్టాలి. దేనికి పెట్టవచ్చో ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఉంటుంది. సీఎస్‌ఆర్ కమిటీ ఏటా ఒక ప్రణాళిక వేస్తుంది, బోర్డు దాన్ని ఆమోదిస్తుంది. ఇక మన సంస్థల వైపు నుంచి చూస్తే ముందు ఏం చేస్తామో చెప్పే రెండు పేజీల కాన్సెప్ట్ నోట్. అది నచ్చితే పూర్తి ప్రపోజల్. తర్వాత డ్యూ డిలిజెన్స్ (మన కాగితాలూ లెక్కలూ తనిఖీ చేయడం), సైట్ విజిట్, బడ్జెట్ మీద బేరాలు, ఎంఓయూ (ఒప్పంద పత్రం). ఇవన్నీ అయ్యాక మొదటి విడత. నా చేతుల మీదుగా అన్నిటికన్నా త్వరగా తెమిలింది ఐదు నెలలు పట్టింది. మామూలుగా అయితే ఏడాది దాకా సాగుతుంది.

మరి రెండు నెలల ఇంటర్న్ ఎక్కడి నుంచి తెస్తుంది? నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు రాసిన నోట్ ఒకటి నిజంగానే పాసైంది. ఆ సంగతి నాకు తెలిసేటప్పటికి నేను వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరి ఆరు నెలలు దాటింది.

బాబాయ్ ఫోన్‌కి లింకు పంపి వేయించేవి వ్యక్తిగత విరాళాలు. అలా అడగడం తప్పేమీ కాదు, పెద్ద సంస్థలు దానికి జీతమిచ్చి టీములే పెట్టుకుంటాయి. కానీ జీతం ఇవ్వకుండా, సర్టిఫికెట్ ఆశ చూపించి, పిల్లల చుట్టాల నంబర్లు పిండుకోవడాన్ని ఇంటర్న్‌షిప్ అనడం నాకు ఒంటికి కారం రాసినట్టుంటుంది. "కార్పొరేట్" అన్న మాట పోస్టర్ మీద బావుంటుందని తగిలిస్తారు, అంతే.

ఇదే అపోహకి ఇంకో రూపం ఉంది. దానికి నేనే బలయ్యాను. డబ్బు తెస్తేనే విలువ అనుకుని, చేరిన రెండో వారంలో నూట అరవై కంపెనీల ఈమెయిళ్లు పోగేశాను. ఒకే లేఖ, పేరు మాత్రం మారేలా పెట్టి, ఒకే మధ్యాహ్నం అందరికీ కొట్టేశా. షీట్‌లో ఒక వరుస కిందికి జరిగింది. ఒక సిమెంటు కంపెనీకి "మందుల తయారీలో మీ కృషి" అని వెళ్లింది. మందుల కంపెనీకి ఏం వెళ్లిందో చెప్పను. జవాబులు మూడే వచ్చాయి, మూడూ తప్పు ఎత్తి చూపినవే. మా సార్ తిట్టలేదు. ఒక కంపెనీ వార్షిక నివేదిక ప్రింటు తీయించి నా బల్ల మీద పెట్టి, "ఇది చదివాక వీళ్లని ఏం అడగాలో నువ్వే నాకు చెప్పు" అన్నారు.

అసలు పని అక్కడ మొదలైంది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఇంటర్న్‌ల చేత మొదటి వారం చేయించేదీ అదే. నివేదికలో సీఎస్‌ఆర్ అనుబంధం తెరవాలి. సగటు లాభం ఎంత, అందులో 2 శాతం ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత అన్నది వరుసగా ఉంటుంది. తర్వాత కంపెనీ వెబ్‌సైటులో సీఎస్‌ఆర్ పాలసీ, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు చూడాలి. అవి వెబ్‌సైటులో పెట్టాలని నిబంధనే ఉంది. వాళ్ల ఫ్యాక్టరీలు ఏ జిల్లాల్లో ఉన్నాయో పక్కన రాసుకోవాలి, ఎందుకంటే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఫ్యాక్టరీ ఒక మూల, మన స్కూళ్లు ఇంకో మూల ఉంటే ఆ లేఖ రాయకపోవడమే మేలు. రోజుకి రెండు కంపెనీలు ఇలా చూడగలిగితే చాలు. నూట అరవైలో పన్నెండు మిగులుతాయి. ఆ పన్నెండే అసలు లిస్టు.

రెండో పని మన సంస్థ కాగితాల ఫోల్డరు. 12ఏ, 80జీ ఆర్డర్లు (మొదటిది సంస్థకీ, రెండోది దాతలకీ పన్ను మినహాయింపు కోసం), సీఎస్‌ఆర్-1 నంబరు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, ట్రస్టు డీడ్, పాన్. సీఎస్‌ఆర్-1 అంటే సీఎస్‌ఆర్ పనులు చేసే సంస్థ ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు, 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అది లేని సంస్థ ద్వారా కంపెనీ కొత్త ప్రాజెక్టు చేయించలేదు. వినడానికి గుమాస్తా పనిలాగే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ రెండేళ్ల కిందట ఒక ఇంటర్న్ ఈ కాగితాలు తిరగేస్తూ, "మేడమ్, మన 80జీ గడువు మూడు నెలల్లో అయిపోతోంది, ఎవరైనా రెన్యూవల్‌కి పెట్టారా?" అంది. ఎవరూ పెట్టలేదు. రెండు ఎంఓయూలు సంతకానికి సిద్ధంగా ఉన్నాయి అప్పుడు. ఆ వేసవిలో ఆ పిల్ల ఒక్క రూపాయి తేలేదు. నేను రాసిన సిఫారసు లేఖల్లో అన్నిటికన్నా పెద్దది ఆమెకే.

మిగతావి గబగబా.

"ఇంగ్లీషు గడగడా వచ్చి ఉండాలి." దీని గురించి టెన్షన్ పడేవాళ్లంటే నాకు జాలి, ఎందుకంటే నేనూ తెలుగు మీడియమే. ప్రపోజల్ భాషని నలుగురం కూర్చుని దిద్దుతాం. కానీ హెడ్మాస్టర్‌తో మాట్లాడి నిజం రాబట్టే పని వేరేవాళ్లు చేయలేరు. ఒకసారి స్కూలు టాయిలెట్ల ప్రపోజల్ దాదాపు పంపేస్తున్నాం. డిగ్రీ చదివే ఒక కుర్రాడు లెక్క సరిచూద్దామని ఆ స్కూలుకి ఫోన్ చేశాడు. "టాయిలెట్లు పోయినేడాదే కట్టారు బాబూ, తాళం వేసి ఉన్నాయి. నీళ్లు లేవు" అన్నారు హెడ్మాస్టరుగారు. ప్రపోజల్ బోరు మోటారుకీ ట్యాంకుకీ మారింది. ఖర్చు మూడో వంతుకి దిగింది, కంపెనీ వెంటనే ఒప్పుకుంది.

"మార్చిలో డబ్బులు మిగిలిపోతాయి, అప్పుడు అడిగితే ఎవరికైనా ఇచ్చేస్తారు." ఇది పాత ముచ్చట. 2021 సవరణల తర్వాత, కొనసాగుతున్న ప్రాజెక్టుల్లో మిగిలిన సొమ్ము ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలోకి వెళ్లాలి, మూడేళ్లలో ఆ ప్రాజెక్టులకే ఖర్చు కావాలి. అలాంటి ప్రాజెక్టు లేని సొమ్ము ఆరు నెలల్లోపు ఏడో షెడ్యూలులోని నిధులకి జమ కావాలి. నివేదికలో "ఖర్చు కానిది మూడు కోట్లు" అని కనిపించగానే ఎగిరి గంతేసే ఇంటర్న్ ఏటా ఒకరైనా ఉంటారు. ఆ మూడు కోట్లకీ ఎప్పుడో పేరు రాసేసి ఉంటుంది.

"జీతాలకి 5 శాతం కన్నా ఎక్కువ అడగకూడదు." ఆ 5 శాతం హద్దు కంపెనీ సొంత పాలనా ఖర్చులకి పెట్టింది. ప్రాజెక్టులో పనిచేసే టీచరమ్మ జీతం అందులోకి రాదు. ఈ పుకారు నమ్మి జీతాలని "శిక్షణ సామగ్రి" కింద దాచేసిన బడ్జెట్లు చూశాను. అసలు ఇబ్బంది ఆడిట్‌లో అక్కడే వస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి.

"బ్యానర్ మీద లోగో వేస్తామంటే ఇస్తారు." ఇస్తారేమో, మార్కెటింగ్ బడ్జెట్లోంచి. ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ని సీఎస్‌ఆర్‌గా చూపించడానికి నిబంధనలు ఒప్పుకోవు. అడగాల్సిన మనిషి కూడా వేరే.

"తెలిసినవాళ్లుండాలి." మొదటి మీటింగ్‌కి పనికొస్తుంది. రెండో మీటింగ్‌కి ఫోల్డరు అడుగుతారు.

చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: నా పని ఎవరు చూస్తారు, నేను డబ్బు తేకపోతే ఏమవుతుంది? రెండోదానికి జవాబు నసుగుతూ వస్తే ఇంక ఆలోచించక్కర్లేదు.

ఆ అమ్మాయిని గ్రూపులోంచి బయటికి రమ్మన్నాను. వచ్చింది. సర్టిఫికెట్ పోయిందని రెండు రోజులు ఏడ్చిందట. కనీసం ఆ నాలుగు వేలకి రసీదు అయినా అడగమన్నా. అడిగింది. పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జీ రసీదే ఇస్తామన్నారట, ఇంకా పైసా సంపాదన లేని పిల్లకి.