కాలేయంలో ఇన్సులిన్ కణాలు: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే భాగాల్ని లాంగర్‌హాన్స్ పుటికలంటారని చదువుకునే ఉంటారు. వాటిని ఒకరి నుంచి తీసి ఇంకొకరికి ఎక్కించవచ్చు. ఆ పని ఎలా చేస్తారో, ఎక్కడ చెడుతుందో చెబుతాను.

ఒక క్లోమంలో పుటికలు దాదాపు 10 లక్షలుంటాయి. అయినా బరువులో నూటికి ఒకటి రెండు వంతులే. మిగతాదంతా జీర్ణరసాల కణజాలం. టైప్-1 మధుమేహంలో ఒంట్లోని రక్షణ వ్యవస్థే పుటికల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపేస్తుంది.

ఎక్కించడం కంటే వాటిని ప్రాణంతో బయటికి తీయడమే కష్టం. మరణించిన దాత క్లోమాన్ని చల్లటి ద్రావణంలో పెట్టి గంటల్లోనే ప్రయోగశాలకు చేరుస్తారు. దాని నాళంలోకి సన్నని గొట్టంతో, కణజాలాన్ని కరిగించే కొల్లాజినేజ్ అనే ఎంజైము ఎక్కిస్తే క్లోమం ఉబ్బుతుంది. తర్వాత ముక్కలు కోసి, స్టీలు గోళీలున్న ఒక పాత్రలో వేసి, 37 డిగ్రీల వేడిలో ద్రవం తిప్పుతూ కుదుపుతారు. విడిపోయిన పుటికలు పాత్రలోని జల్లెడ దాటి బయటికొస్తాయి. ఈ పద్ధతిని 1988లో ప్రకటించిన కామిల్లో రికార్డి పేరే ఆ పాత్రకు స్థిరపడింది.

ఎప్పుడు ఆపాలన్నదే చిక్కు. కొద్ది నిమిషాలకోసారి ఒక చుక్క తీసి డైథిజోన్ అనే రంగు కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఇన్సులిన్ జింకుతో కలిసి నిల్వ ఉంటుంది కాబట్టి పుటికలు ఎర్రబడతాయి, చుట్టూ ఉన్న కణజాలానికి రంగు పట్టదు. తొందరపడి ఆపితే పుటికలు ఆ కణజాలంలోనే చిక్కుకుని ఉంటాయి. ఆలస్యమైతే అవే చిట్లిపోతాయి. ఏ రెండు క్లోమాలూ ఒకేలా కరగవు, ఎంజైము కూడా ప్రతిసారీ ఒకే బలంతో ఉండదు. అందుకే గడియారం కంటే ఇక్కడ అలవాటుపడ్డ కన్నే నమ్మకం. సరైన దశ రాగానే చల్లబరిచి, సెంట్రిఫ్యూజ్ అనే వేగంగా తిరిగే యంత్రంలో తిప్పి, తేలికగా ఉండే పుటికల్ని వేరుచేస్తారు.

ఇక లెక్క. చిన్నా పెద్దా పుటికలు కలిసి ఉంటాయి కనుక 0.15 మిల్లీమీటర్ల వ్యాసమున్న దాన్ని ఒక యూనిట్‌గా పట్టుకుంటారు. గ్రహీత బరువులో కిలోకు కనీసం 5,000 యూనిట్లు కావాలంటారు. అంటే 60 కిలోల మనిషికి 3 లక్షలు. ఒక్క దాత నుంచి చాలాసార్లు ఇన్ని రావు.

వాటిని మళ్లీ క్లోమంలో పెట్టరు. దాన్ని కదిలిస్తే వాచి, జీర్ణరసాలు కారి ప్రమాదం తెస్తుంది. పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే కాలేయ నిర్వాహక సిరలోకి చర్మం గుండా గొట్టం పంపి, సంచిలోంచి నెమ్మదిగా వదులుతారు. రక్తంతో వెళ్లి అవి కాలేయంలో నిలుస్తాయి. గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. సిరలో ఒత్తిడి మరీ పెరిగితే ఆపేయాలి. గొట్టం తీశాక ఆ దారిని మూసెయ్యాలి, లేదంటే హెపారిన్ ఉన్న రక్తం కారుతూనే ఉంటుంది.

కెనడాలోని ఎడ్మంటన్‌లో సర్జన్ జేమ్స్ షాపిరో బృందం 2000లో ఏడుగురి ఫలితాలు ప్రకటించింది. ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. వాళ్లు చేసిన ముఖ్యమైన మార్పులు రెండు: చక్కెరను పెంచే స్టెరాయిడ్లు వాడలేదు, ఒక్కొక్కరికి ఒకరి కంటే ఎక్కువమంది దాతల పుటికలు ఇచ్చారు. అయితే అక్కడే ఎక్కువమందిని గమనించగా, అయిదేళ్ల తర్వాత ఇన్సులిన్ అక్కర్లేనివారు పదిమందిలో ఒక్కరే మిగిలారు. చాలామందిలో పుటికలు కొంత పనిచేస్తూనే ఉన్నాయి, చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం తగ్గింది. నా లెక్కలో అసలు లాభం అదే.

పుటికలు ఎందుకు పోతాయి? రక్తం తగలగానే వాటి చుట్టూ గడ్డకడుతుంది, వాపు మొదలవుతుంది. కొత్త రక్తనాళాలు అల్లుకోవడానికి వారాలు పడుతుంది, అందాకా ఆక్సిజన్ చాలదు. ఆపైన రక్షణ వ్యవస్థ వాటిని పరాయివని తరుముతుంది, పాత జబ్బు మళ్లీ దాడిచేస్తుంది. రక్షణ వ్యవస్థను అణిచే టాక్రోలిమస్ అనే మందు కిడ్నీలకూ బీటా కణాలకూ మంచిది కాదు. ఆ మందులతో ఇన్‌ఫెక్షన్ల భయం కూడా ఉంటుంది. అందుకే ఇన్సులిన్‌తో బాగానే ఉన్న పిల్లలకు సాధారణంగా ఇది చేయరు. హెచ్చరిక లేకుండా చక్కెర పడిపోయి స్పృహ తప్పే పెద్దవాళ్లకే ఎక్కువగా చేస్తారు.

ఆ మందులు అక్కర్లేని సందర్భం ఒకటుంది. దీర్ఘకాలిక క్లోమ వాపు నొప్పి భరించలేక క్లోమం తీసేయించుకునేవారికి, వాళ్ల పుటికల్నే వాళ్లకు తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలోని మిన్నెసోటాలో 1977లో మొదటిసారి చేశారు. అక్కడ ప్రతి పుటికా విలువైనదే కాబట్టి, కరిగించిన కణజాలం తక్కువగా ఉంటే సెంట్రిఫ్యూజ్ పని వదిలేసి ఉన్నదున్నట్టుగా సిరలోకి పంపుతారు.

మీ తాతయ్య