ఎనిమిది లాంకాస్టర్లు ఎక్కడెక్కడ కూలాయి?

1943 మే 16 రాత్రి ఇంగ్లండ్‌లోని స్కాంప్టన్ వైమానిక స్థావరం నుంచి 19 లాంకాస్టర్ బాంబర్లు జర్మనీ ఆనకట్టల మీదికి బయల్దేరాయి. మొత్తం సిబ్బంది 133 మంది. తెల్లారేసరికి 8 విమానాలు తిరిగి రాలేదు. 53 మంది చనిపోయారు, ముగ్గురు జర్మన్లకు చిక్కారు. ఆ రోజుల్లో రాత్రి దాడుల్లో నూటికి ఐదు విమానాలు పోతేనే పెద్ద దెబ్బ. ఇక్కడ పోయినవి నూటికి నలభై పైమాటే.

ఈ దాడి అనగానే నీటి మీద గెంతుతూ పోయే బాంబే అందరికీ గుర్తొస్తుంది. నష్టాల సంగతి తెలియాలంటే మాత్రం విమానాలు ఎంత ఎత్తున ఎగిరాయో చూడాలి.

ఆనకట్టల ముందు టార్పెడోలను (నీటిలో దూసుకొచ్చే బాంబులను) ఆపే వలలుండేవి. విమానాలు తయారుచేసే వికర్స్ కంపెనీ ఇంజనీరు బార్న్స్ వాలిస్ వాటిని దాటించడానికి నాలుగు టన్నులకు పైబడిన పీపాలాంటి బాంబును రూపొందించాడు. దాన్ని నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిప్పుతూ వదిలితే వలల మీదుగా గెంతుకుంటూ వెళ్లి గోడకు తగిలి, నీట మునిగాక పేలుతుంది. అయితే సరిగ్గా 60 అడుగుల ఎత్తు నుంచే వదలాలి. రాత్రిపూట ఆ ఎత్తును మీటరు చూసి నమ్మలేరు. అందుకే విమానం కింద రెండు దీపాలు బిగించారు. వాటి వెలుగులు నీటి మీద కలిస్తే ఎత్తు సరిపోయినట్టు. బాంబు పట్టడానికి పొట్ట కింది తలుపులు తీసేశారు, బరువు తగ్గించడానికి పైనున్న తుపాకీ గూడునూ పీకేశారు.

రాడార్‌కు దొరక్కుండా దారి పొడవునా నేలను రాసుకుంటూ వెళ్లాలన్నది పథకం. దెబ్బ తగిలింది ఎక్కువగా అక్కడే. కూలిన ఎనిమిదిలో ఐదు అసలు ఆనకట్ట దాకా చేరనేలేదు. బార్లో, ఆస్టెల్ నడిపిన విమానాలు కరెంటు తీగల లైన్లకు తగిలి కూలాయి. మరో మూడింటిని దారిలోనే ఫిరంగులు పడగొట్టాయి. రైస్ విమానం సముద్రపు నీటిని తాకి బాంబునే పోగొట్టుకుంది. అతను వెనక్కి రాగలగడం అదృష్టమే. ఆనకట్ట దగ్గర కూలింది ఒక్క హాప్‌గుడ్ విమానమే, మోనె ఆనకట్ట కాపలా ఫిరంగుల దెబ్బకు. యంగ్, మాడ్స్‌లే తిరుగు దారిలో పోయారు.

మోనె, ఎడర్ ఆనకట్టలు తెగాయి. మట్టికట్ట అయిన సోర్పె నిలిచింది. వరదలో 1,300 మందికి పైగా కొట్టుకుపోయారు. వాళ్లలో వందలాది మంది విదేశీయులే, జర్మన్లు బలవంతంగా తెచ్చి పనిచేయిస్తున్నవాళ్లు. వీరగాథలు చెప్పేవాళ్లు ఈ సంగతిని చాలాకాలం ఒక్క వాక్యంలో దాటేశారు. మోనె గోడను జర్మన్లు ఆ శరదృతువుకే తిరిగి కట్టేశారు.

దళపతి గై గిబ్సన్‌కు బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ దక్కింది. అప్పటికి అతని వయసు 24. బార్లో విమానంలోని బాంబు పేలకుండా జర్మన్ల చేతికి దొరికింది. బ్రిటన్ ఆ బాంబును యుద్ధంలో మళ్లీ వాడలేదు.