ఎర్రనీటిలో ఏముంది?

జూన్ చివర్లోనో జులైలోనో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. పులస కోసం కాచుకున్నవారికి అది పండగ కబురు. నది తీరు తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం ఆ రంగే అసలు సంగతి. మహారాష్ట్ర నల్లరేగడి, తెలంగాణ ఎర్రమట్టి, ఇంద్రావతి, శబరి కొండల నుంచి తెచ్చిన మన్ను, అన్నీ అందులో ఉంటాయి. ఏడాది మొత్తంలో నది మోసే మన్నులో నూటికి తొంభై పాళ్లకు పైగా ఈ వానాకాలపు నెలల్లోనే కదులుతుంది.

కొళాయిలు లేని రోజుల్లో ఈ నీటిని బిందెతో తెచ్చుకుని, చిల్లగింజను అరగదీసి కలిపి, తేరుకున్నాక తాగేవారు. గింజ అవసరం ఇసుకకు కాదు, బిందెలో ఇసుక ఉంటే అది తనంతట తానే దిగిపోతుంది. మిల్లీమీటరులో అయిదో వంతుండే ఇసుక రేణువు మీటరు లోతు దిగడానికి నిమిషం కూడా పట్టదు. 0.002 మిల్లీమీటర్ల బంకమన్ను రేణువుకు, నీరు ఏమాత్రం కదలకపోయినా, మూడు రోజులు కావాలి. గింజలోని జిగురు ఈ రేణువులను జతచేసి బరువెక్కిస్తుంది. వరద మైదానంలో ఏ మన్ను ఎక్కడ పడుతుందో చాలావరకు తేల్చేది ఈ దిగే వేగంలోని తేడాయే.

పాపికొండల మధ్య గోదావరి ఇరుకుగా, లోతుగా పారుతుంది. పోలవరం దగ్గర కొండలు వదిలాక వెడల్పవుతుంది, వాలు తగ్గుతుంది, వడి పడిపోతుంది. అప్పుడు నది ముందుగా దించేది బరువైన ఇసుకను. ఆ మేటల మీద ఏటేటా సన్నటి ఒండ్రు పేరుకుని లంకలు తయారయ్యాయి. ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య పాయలుగా చీలి ఉండటం ఆర్థర్ కాటన్‌కు కలిసొచ్చింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా కట్టారు.

వరద ఒడ్డు దాటి పొలం మీద పరుచుకోగానే దాని లోతు తగ్గుతుంది, చెట్టూ చేమా అడ్డుపడతాయి. ఇసుక, ముతక మన్ను ఒడ్డు పక్కనే పడిపోతాయి. బంకమన్ను దూరాన పల్లానికి పోయి, నీరు రోజుల తరబడి నిలిచిన చోట మెల్లగా దిగుతుంది. ఇలా వందల వరదలు వచ్చి పోయాక ఒడ్డే ఎత్తు, దూరపు పొలమే పల్లం. నది పల్లాన పారుతుందని మనకు అలవాటైన ఊహ. డెల్టాలో అది తన మన్నుతో తానే పెంచుకున్న ఎత్తు మీద పారుతుంది. కాలువను ఆ ఎత్తు వెంట తీస్తే నీరు దానంతట అదే చేలలోకి దిగుతుంది. డెల్టా సాగుకు ఆధారం ఇదే. చిక్కు కూడా ఇక్కడే ఉంది. పల్లంలో చేరిన వాననీరు మళ్లీ నదిలోకి ఎక్కలేదు. అందుకే కోనసీమకు పంట కాలువ ఎంతో మురుగు కాలువా అంతే. రెండోదాన్ని మనం చేలు మునిగాక గాని తలచుకోం.

ఏటిగట్టుకు గండి పడినప్పుడు ఇసుక, బంకమన్ను ఇలా వేరుపడటం ఒక్క రోజులోనే కనిపిస్తుంది. గండి ఎదుట ఉన్న చేలో ఇసుక మేట వేస్తుంది, అవతలెక్కడో ఉన్న చేలో మెత్తటి ఒండ్రు పడుతుంది. ఒకే వరద, కాని ఒక రైతు ఇసుక ఎత్తించడానికి అప్పు చేయాలి, మరొకరి నేల బలపడుతుంది.

కోత పడుతున్న లంక ఒడ్డును దగ్గరగా చూస్తే పైన బిగువైన ఒండ్రు పొర, కింద వదులు ఇసుక కనిపిస్తాయి. నీటికి అన్నిటికన్నా తేలిగ్గా లేచేది అతి సన్నటి రేణువు కాదని, ఇసుక అని స్వీడన్ శాస్త్రవేత్త ఫిలిప్ యూల్‌స్ట్రోమ్ 1935లో చూపారు. బంకమన్ను రేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని ఊడదీయాలంటే ఇసుకను లేపే వడి చాలదు. ఒకసారి లేచాక మాత్రం అవి ఓ పట్టాన దిగవు. కాబట్టి నది అడుగు ఇసుకను తోడేస్తుంది, పై పొర గాల్లో వేలాడి, కొబ్బరిచెట్లతో సహా కూలుతుంది. తరచూ ఇది వరద పోటులో కాక, నీరు తగ్గుతున్నప్పుడు జరుగుతుంది. నానిన ఒడ్డుకు బయటి నుంచి ఉన్న నీటి దన్ను పోయి, లోపలి తడి బరువు మిగులుతుంది మరి.

కోసిన మన్ను అంతా సముద్రానికి పోదు. మలుపులో పైనీరు బయటి ఒడ్డును ఒరుసుకుంటూ పోతే, అడుగునీరు లోపలి ఒడ్డు వైపు జరుగుతూ ఇసుకను అక్కడ చేరుస్తుంది. 1926లో ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ దీన్ని టీ కప్పుతో వివరించారు. చెంచాతో తిప్పి వదిలితే టీ ఆకులు అంచుకు కాక అడుగున మధ్యకు చేరతాయి, కారణం ఇదే. ఒక లంక కరుగుతుంటే దిగువన మరొకటి పెరగడం అందుకే. ఇసుక రేణువు కదిలేది ఏడాదికి కొన్ని రోజులు. మైదానంలో ఆగిపోతే దశాబ్దాలు, ఒక్కోసారి వేల ఏళ్లు. పట్టాదారు పాస్‌పుస్తకం స్థిరాస్తి అన్నదాన్ని నది ఎప్పుడైనా తిరిగి తీసుకోవచ్చు.

సముద్రం చేరిన బంకమన్ను విషయంలో చిల్లగింజ పని ఉప్పు చేస్తుంది, రేణువులు జట్టుకట్టి దిగుతాయి. ఇసుకను అలలు తీరం వెంట ఉత్తరానికి నెడతాయి. కాకినాడ ముందున్న, సుమారు 16 కిలోమీటర్ల పొడవైన హోప్ ఐలాండ్ అలా పెరిగిన ఇసుక దిబ్బే.

ఈ దారిలో మనం జలాశయాలు కట్టాం. 112 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన శ్రీరాంసాగర్ పూడికతో మొదట 90 టీఎంసీలకు, తర్వాతి సర్వేలో 80కి పడిపోయింది. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మన్ను దిగువకు తెచ్చేది, 1990లలో అది 6 కోట్ల టన్నుల లోపే. జలాశయంలో ముందుగా చిక్కుకునేది ఇసుక. బంకమన్నులో కొంతైనా గేట్లు ఎత్తినప్పుడు దాటిపోతుంది. అలల తాకిడికి తీరాన నిలవగలిగేది మాత్రం ఇసుకే. డెల్టా తీరానికి కొరవడింది సరిగ్గా ఆ ఇసుకే. జలాశయాలు వదిలిన దాంట్లోనూ కొంత దిగువ రేవుల్లో లారీలకెక్కుతోంది.